కనకమ్మ దీపం

ఎర్రగుంట్ల పెండ్లివాళ్లు చీరలు ఎంచుకోవడానికి పొద్దంతా తీసుకున్నారు. ఇప్పుడు చూస్తే బిల్లు రావడానికి అంతకంటే ఎక్కువ పట్టేట్టుంది. పెండ్లికూతురి మేనత్త కౌంటరు మీద మోచేతులు ఆనించి కంప్యూటర్ తెరలోకి తొంగి చూస్తోంది. తెర మధ్యలో చిన్న చుట్ట ఒకటి తిరుగుతూనే ఉంది. బిల్లులు కొట్టే హఫీజా మీట మీద వేలు పెట్టుకుని, నొక్కకుండా, అది ఎప్పుడు ఆగుతుందా అని కాచుకుంది. తొందరపడి నొక్కితే మిషను ఇంకా బిగుసుకుంటుందని ఆమెకు ఈమధ్య బాగా తెలిసొచ్చింది.

"ఏందమ్మా, చీరలిచ్చేది మీ శెట్టినా, ఈ మిషనా?" అంది మేనత్త.

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. గల్లాపెట్టె ముందు కూర్చున్న చెన్నకేశవులు శెట్టి నవ్వలేదు. శ్రావణమాసంలో ప్రొద్దుటూరు బట్టలబజారులో బేరాన్ని ఇంతసేపు నిలబెట్టడమంటే, ఎదురంగడికి మనమే దోవ చూపించడమని ఆయనకు తెలుసు. కూర్చున్నచోటే అటూ ఇటూ కదిలాడు. అంతలో చుట్ట ఆగి, తెర మీద చిన్న డబ్బా ఒకటి వచ్చింది. మెమరీ తక్కువైంది, తెరిచినవాటిలో కొన్ని మూసేయండి అని ఇంగ్లీషులో ఉంది. హఫీజా దాన్ని పక్కకు తోసేలోపలే, ఒక్కొక్క చీరా లెక్కేసి ఎక్కించిన బిల్లు మొత్తం ఎగిరిపోయింది. ఆమె సొరుగులో నుంచి పాత బిల్లుపుస్తకం తీసి చేత్తో రాసిచ్చింది. మళ్లీ వచ్చినప్పుడు ఎదురంగడికే పోతామని మేనత్త మెట్లు దిగుతూ అందరికీ వినబడేటట్టే అంది.

ఇంత జరిగినా తెర మూలన దీపం మాత్రం నిశ్చింతగా వెలుగుతోంది. శెట్టి భార్య కనకమ్మ ఫోటో, దానికి చామంతుల దండ, ముందర ఇత్తడి కుందిలో రెపరెపలాడే ఒత్తి. అన్నీ బొమ్మలే. మాఘమాసంలో ఆమె సంవత్సరీకం నాడు కొడుకు జయప్రకాష్ ఎవరో తెలిసినవాడి చేత ఆ చిన్న ప్రోగ్రాము చేయించి పెట్టాడు. అతను పులివెందులలో ఉన్న రెండో అంగడి చూసుకుంటాడు. ఆ రోజు అయ్యవారు కంప్యూటరుకు హారతిచ్చి తెర అంచున కుంకుమబొట్టు కూడా పెట్టాడు. ఆ బొట్టు మరక ఇంకా పోలేదు. అమ్మ కూర్చుని లెక్కలు చూసిన చోటు ఇది, ఈ దీపం కొండెక్కగూడదు అని శెట్టి నలుగురిలో అన్నాడు. అందరూ తలలూపారు. అప్పటినుంచి ఆ కంప్యూటరును ఎవరూ ఆపలేదు. కరెంటు పోతే ఇన్వర్టరు ఉంది. తనంతట తాను ఆగి మళ్లీ మొదలవకుండా జయప్రకాష్ లోపల ఏర్పాటు కూడా చేసిపోయాడు.

అది అంగడి మూసేశాం అనే మాట కూడా నోట రానివ్వని ఇల్లు. కట్టేశాం అంటారు. అలాంటిచోట మిషను ఆపుదామని ఎవరు అనగలరు? ఆపరేటరుగా కూర్చునే హఫీజా అసలే అనలేదు. రోజూ పొద్దున షట్టరు ఎత్తగానే చీకట్లో ఆ దీపమే ముందు కనబడేది. శెట్టి చెప్పులు విడిచి దానికి దండం పెట్టుకుని గల్లా ముందు కూర్చునేవాడు. తెల్లవార్లూ వెలిగి, పగలంతా వెలిగి, ఆషాఢం వచ్చేసరికి కంప్యూటరు ఈడుస్తూ నడవడం మొదలుపెట్టింది.

"నయీంను పిలిపిస్తా. ఇయ్యాల ఏదో ఒకటి తేలాల" అన్నాడు శెట్టి, ఎర్రగుంట్లవాళ్లు పోయిన దిక్కే చూస్తూ.

*

నయీంకు బస్టాండు దగ్గర చిన్న రిపేరు అంగడి ఉంది. మధ్యాహ్నం దాటాక వచ్చాడు. కూర్చోకుండానే మొదట అడిగిన మాట, దీన్ని ఆఖరున ఎప్పుడు ఆపారని. హఫీజా శెట్టి వైపు చూసింది. ఒకసారి ఆపి మళ్లీ పెడితే శానావరకు తేరుకుంటాదప్పా అన్నాడు నయీం. కొత్త మెమరీ పట్టీ ఒకటి వేస్తే ఇంకా మేలు, దానికైనా ఒక నిమిషం ఆపాల్సిందేనన్నాడు.

"ఆపేది తప్ప యాదన్నా చెయ్యి" అన్నాడు శెట్టి.

నయీం స్టూలు లాక్కుని హఫీజా పక్కన కూర్చున్నాడు. వాళ్ల వెనక చందన, ఎర్రగుంట్లవాళ్లు విప్పి పడేసిపోయిన చీరలు మడత పెడుతోంది. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. అంగట్లో చీరలు పరిచి చూపించే పని ఆమెది. అంచు అంచుకు కలిపి, అరచేత్తో ఒకసారి నిమిరి, మళ్లీ మడిచి, పక్కన పెట్టి, ఇంకొకటి అందుకుంటోంది. బేరాలు లేనప్పుడు వినడానికి పెన్‌డ్రైవులో పాటలు తెచ్చి కంప్యూటర్లో వేసింది ఆమే. వెయ్యమన్నది హఫీజా. శెట్టి కూడా వాటిలో ఒకటి రెండింటికి గల్లాపెట్టె మీద వేళ్లతో తాళం వేసేవాడు.

నయీం ఏవో మీటలు కలిపి నొక్కితే, లోపల నడుస్తున్నవాటి పేర్లు, ఒక్కొక్కటి ఎంతెంత మెమరీ పట్టుకుందో వరసగా తెర మీదికి వచ్చాయి. బిల్లుల ప్రోగ్రాము కొంచెం పట్టుకుంది. ఇంకేవో చిల్లరవి కొంచెం కొంచెం. అన్నిటికంటే పైన, వాటన్నిటినీ కలిపినా దాని సగానికి రానంత అంకెతో దీపం పేరు ఉంది. చూస్తుండగానే ఆ అంకె ఇంకొంచెం పెరిగింది. ఒత్తి రెపరెపలాడిన ప్రతిసారీ అది కొంత జాగా తీసుకుంటోంది. తీసుకున్నది తిరిగి ఇవ్వడం దానికి నేర్పలేదు. పాపం, చేసినవాడు ఎవడో, దాన్ని ఎప్పటికీ ఆపని ఇల్లు ఒకటి ఉంటుందని అనుకుని ఉండడు.

నయీం వేలు మౌసు మీద ఆగింది. అతను గల్లా వైపు ఓరగా చూశాడు. శెట్టి అప్పుడు తెర మూలన ఉన్న కనకమ్మనే చూస్తున్నాడు. నయీం ఆ వరస మూసేశాడు. తల తిప్పకుండా, హఫీజాకు మాత్రమే వినబడేటట్టు ఉర్దూలో గొణిగాడు. ఇది మన చేతులు పెట్టే చోటు కాదక్కా, నాకు ఈ బజార్లోనే బతుకు అన్నాడు. ఆమె తల ఊపింది. అలా ఊపడానికి ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. తరువాతి రోజుల్లో ఆమెను ఎక్కువగా బాధపెట్టింది ఆ సంగతే.

"ఏందప్పా, ఏం తేలింది?" అన్నాడు శెట్టి.

నయీం అప్పటికే పాటలున్న ఫోల్డరు తెరిచాడు. "మెమరీ నిండిపోయిందప్పా. పాటలూ అవీ యేసినారు. తీసేస్తాండా."

అది అబద్ధమని అతనికీ తెలుసు, హఫీజాకూ తెలుసు. గోదాములో ఎన్ని మూటలున్నా, కౌంటరు మీద చీరలు పరిచే జాగా వేరు. పాటలు గోదాములో ఒక మూలన పడి ఉన్నాయి. కౌంటరునంతా ఆక్రమించుకుని కూర్చున్నది దీపం. కానీ మెమరీ అనే మాట శెట్టికి ఒకటే. నిండింది అంటే ఎవరో నింపారనే ఆయన లెక్క.

"ఎవరేసినారు పాటలు?"

"నేనేనప్పా" అంది చందన, చేతిలో చీర వదలకుండా.

శెట్టి కేకలు వేసే మనిషి కాదు. వేసుంటే బాగుండేది, ఆ కేకల్లో ఎవరైనా ఒక మాట అడ్డం వేసేవారు. ఆయన గొంతు పెంచకుండా, పెండ్లిళ్లకాలంలో బేరాలు చెడగొట్టుకునే ఓపిక తనకు లేదని, ఈ నెల జీతం తీసుకుని రేపటినుంచి రావద్దని చెప్పాడు. హఫీజా కీబోర్డు వైపు చూస్తూ కూర్చుంది. నేనే వెయ్యమన్నానని చెప్పొచ్చు. పాటలవల్ల కాదని చెప్పొచ్చు. తలెత్తేసరికి చందన ఆమెనే చూస్తోంది. కళ్లు ఆర్పకుండా, పెదాలు బిగించి, చూడాల్సినంతసేపు చూసింది. నోరు తెరువక్కా అని ఆ చూపు తనను నిలదీస్తోందని హఫీజా అనుకుంది. అనుకుని తల దించుకుంది.

చందన చేతిలో ఉన్న చీర మడత పూర్తి చేసి, అర మీద దాని వరుసలో పెట్టి, టిఫిను డబ్బా తీసుకుని మెట్లు దిగిపోయింది.

*

పాటలు పోయాయి. అంగడి బోసిపోయింది. కంప్యూటరు మాత్రం ఎంత మొండిగా ఉండేదో అంతే మొండిగా ఉంది. నయీం వెళ్లేముందు అక్కర్లేనివి రెండు మూడు మూసిపోయాడు కాబట్టి మరుసటి రోజు పొద్దున కాసేపు బాగా నడిచింది. శెట్టి సంతోషపడ్డాడు, ఆ పాపను పంపించింది మంచిదే అయిందన్నాడు. సాయంత్రానికి చుట్ట మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

చందన చేసే మడతల పని కూడా ఇప్పుడు హఫీజా మీదే పడింది. బిల్లు కోసం మిషను ముక్కుతూ మూల్గుతూ ఉండగా లేచి వెళ్లి చీరలు మడత పెట్టి వచ్చేది. చందన పెట్టినంత తిన్నగా ఆమెకు కుదిరేది కాదు, అంచులు ఒకదాన్నొకటి దాటిపోయేవి. వచ్చి కూర్చుంటే ఎదురుగా కనకమ్మ. ఆపరేటరు పనికి ఒక సాయిబుల అమ్మాయి వచ్చిందని ఇంట్లో ఎవరో ముఖం చిట్లిస్తే, పిల్లకు పని వస్తుందా రాదా అది చూడండి అని, తాను కూర్చునే కుర్చీనే లాగి వేసిన మనిషి ఆమె. ఆ కుర్చీలో కూర్చునే హఫీజా ఇప్పుడు ఆ ముఖం చూడలేకపోతోంది.

ఇంట్లో మొగుడు జాఫర్‌తో చెప్పింది. అతను ఆటో తుడుస్తూ అంతా విన్నాడు. తప్పే, ఆ పిల్లకు అన్యాయమే జరిగింది అని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక గుడ్డ పిండి ఆరేస్తూ, "గమ్మునుండు. వాళ్లింట్లో రేపు ఎవురికన్నా జరమొచ్చినా, ఆ దీపం ఆర్పింది ఎవురని అడుగుతారు" అన్నాడు. శెట్టి అలా అడిగే మనిషి కాదని హఫీజా అంది. శెట్టి అడగడు, ఊరు అడుగుతాది అన్నాడు జాఫర్. అతని మాటలో న్యాయం లేదని ఆమెకు అనిపించింది. నిజం మాత్రం ఉందని కూడా అనిపించింది. రెండింటి మధ్యా మింగలేక కక్కలేక రోజులు లాక్కొచ్చింది.

వరలక్ష్మీ వ్రతం ముందు రోజు జయప్రకాష్ పులివెందుల నుంచి కారులో దిగాడు. రెండు అంగళ్ల సరుకు లెక్కా ఈ కంప్యూటర్లోనే కలుస్తుంది. ఇక్కడ ఆగితే అక్కడా ఆగుతుంది. అక్కడ కూడా జనం నిలబడి తిట్టుకుంటున్నారట. హఫీజా గోదాములో చీరలపెట్టె కోసం వెతుకుతూ తలుపు ఇవతలే ఆగిపోయింది. తండ్రీకొడుకుల మాటలు తేటగా వినబడుతున్నాయి.

పాటలు తీసేసినా బాగుపడలేదంటే లోపల ఇంకేదో ఉంది నాయనా అంటున్నాడు జయప్రకాష్. "దాని ముందర కూర్చునే మనిషికి తెలీకుండా దాంట్లోకి ఏం పోతాది? ఆమె సొంతానివి ఏమేం పెట్టుకునిందో ఎవరు చూసినారు? నా దగ్గర మంచి పిల్లోడు ఉండాడు, పండగ కాంగానే పంపిస్తా. ఈమెను పంపిచ్చేయ్."

శెట్టి వద్దనలేదు. సరేనని కూడా అనలేదు. కనకమ్మ పెట్టిన మనిషిరా అని మాత్రం గొణిగాడు. పెట్టె చేతుల్లో పట్టుకుని హఫీజా నిలబడిపోయింది. మొదట తన్నుకొచ్చింది కోపం. నేను పెట్టలేదే, నాదేం తప్పు లేదే అని. ఆ కోపం సగం దారిలోనే చచ్చిపోయింది. చందన కూడా ఆ రోజు సరిగ్గా ఇలాగే నిలబడి ఉంటుంది కదా అనిపించింది.

*

పండుగ మరుసటి రోజు పొద్దున షట్టరు ఎత్తేసరికి శెట్టి, హఫీజా తప్ప ఎవరూ రాలేదు. చీకట్లో దీపం వెలుగుతోంది. శెట్టి చెప్పులు విడిచి దండం పెట్టుకునే దాకా ఆమె ఆగింది.

"అప్పా, ఒక మాట చెప్పాల."

ఆయన తిరిగాడు.

"మెమరీ తింటాండేది పాటలు కాదు. అమ్మ దీపమప్పా."

శెట్టికి అర్థం కాలేదు. ఆమె ఏమందో మళ్లీ చెప్పమన్నాడు. హఫీజా నిలబడే మీటలు నొక్కి ఆ వరస తెరిచింది. గోదాము సంగతి, కౌంటరు సంగతి చెప్పింది. మన చందన చీర చూపించినాక మడత పెట్టి అరలో పెట్టేది కదప్పా, ఈ దీపం మడత పెట్టదు, ఒకటి పరిచినాక దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి పరుస్తానే ఉంది, కౌంటరు మీద ఇంక జాగా లేదు అంది. అంకె పెరిగినప్పుడల్లా వేలు పెట్టి చూపింది. శెట్టి కళ్లజోడు పెట్టుకుని ఆ అంకెను, పక్కన రెపరెపలాడే ఒత్తిని మార్చి మార్చి చూశాడు.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. బయట బజారులో ఒక్కొక్క షట్టరే పైకి లేస్తున్న చప్పుడు వినబడుతోంది. తరువాత లేచి, అంగడి వెనకనే ఉన్న ఇంట్లోకి పోయి ఇత్తడి కుంది, నూనెగిన్నె తెచ్చాడు. గోడకున్న కనకమ్మ పటం కింద చిన్న పలక మీద పెట్టి, ఒత్తి వేసి వెలిగించాడు. అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది. మూడోది నిలబడింది.

"ఇప్పుడు దాన్ని కొండెక్కించమ్మా."

హఫీజా చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను చెయ్యనప్పా. మీరే చెయ్యాల."

ఆయన ఆమెను ఒకసారి ఎగాదిగా చూశాడు. ఏదో అర్థమైనట్టుంది. కుర్చీలో కూర్చున్నాడు. యాడ నొక్కాల అన్నాడు. ఆమె చూపించింది. ఆయన మౌసు పట్టుకోవడం అదే మొదలు కాబోలు, బాణం గుర్తు తెరంతా తిరిగి తిరిగి ఆ చోటుకు చేరింది. నొక్కాడు. దీపం పోయింది, దాంతోపాటే కనకమ్మ కూడా పోయింది. అక్కడ ఉత్త నీలిరంగు మిగిలింది. తరువాత హఫీజా కంప్యూటరు మొత్తం ఆపి మళ్లీ పెట్టింది. మాఘం తరువాత అది కళ్లు మూయడం అదే మొదటిసారి. లేచాక ఒక చీర లెక్క ఎక్కించి చూస్తే, మీట నొక్కడమే ఆలస్యం, బిల్లు బయటికొచ్చింది.

శెట్టి ఆ బిల్లు వైపు చూడలేదు.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

నిన్ననో మొన్ననో అని చెప్పి తప్పించుకోవచ్చు. అంత దూరం వచ్చాక ఆ అబద్ధానికి ఆమెకు నోరు రాలేదు.

"నయీం వచ్చిన దినమే అప్పా."

"ఆ పాప ఈడ ఉన్నప్పుడే?"

"ఊ."

శెట్టి కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. తుడిచినదాన్నే మళ్లీ తుడిచాడు. "నన్ను చూస్తే మీకు అంత భయమేసిందా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, దెబ్బ తగిలిన మనిషి గొంతు. ఆయన మనసు కష్టపడిందని హఫీజాకు తెలుస్తూనే ఉంది. ఆ రోజు ఆయన కూడా ఆ పిల్లను ఒక్కమాట అడగకుండానే పొమ్మన్నాడని కూడా గుర్తొచ్చింది. అనలేదు.

"నువ్వే పోయి పిల్చుకోనిరా. నేను రమ్మన్నానని చెప్పు" అన్నాడు శెట్టి.

*

జమ్మలమడుగులో చందన వాళ్ల వీధి పొడుగునా మగ్గాల చప్పుడే. మరుసటి రోజు అడిగి అడిగి ఇల్లు పట్టుకుంది హఫీజా. వాకిలి దాటగానే గుంటమగ్గంలో కాళ్లు పెట్టి నేస్తూ చందన తల్లి పెంచలమ్మ. వచ్చింది ఎవరో తెలియగానే నేత ఆపి, కూర్చో అని చాప చూపించి, మళ్లీ నేతలో పడింది. ఆ పక్కన గోడకు ఆనుకుని చందన రాట్నం ముందు కూర్చుని మగ్గానికి దారం కండెలు చుడుతోంది. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేతి వేళ్ల సందున దారం ఒడుపుగా జారనిస్తోంది.

"అక్కా, నువ్వా? ఎండన పడి వచ్చినావే" అని నవ్వింది. ఆ నవ్వులో తిట్టు ఏమీ కనబడకపోయేసరికి హఫీజాకు ఇంకా కష్టమయింది.

శెట్టి రమ్మన్నాడని చెప్పింది. మిషను బాగుపడిందని చెప్పింది. చెప్పాల్సింది అది కాదని ఆమెకు తెలుసు. చాప అంచున పీచు పీకుతూ కాసేపు కూర్చుంది.

"పాటల వల్ల కాదు చందనా. దీపం వల్ల. నాకు ఆ దినమే తెలుసు."

"నాకూ తెలుసు గదా" అంది చందన.

రాట్నం తిరుగుతూనే ఉంది. నిండిన కండె తీసి బుట్టలో వేసి, ఇంకొకటి తొడిగింది.

"నేను మీ ఎనకాలే ఉంటి గదక్కా. నయీమన్న తెరిచినప్పుడు నేనూ చూసినా. అంత లావు అంకె, పక్కన దీపం పేరు. చదువుకోలేదనుకున్యావా నన్ను?"

"మరి నువ్వు యాల చెప్పలేదు?"

చందన దారం తెగకుండా వేలితో సవరించుకుంది. ఇది అడగాల్సిన సంగతా అన్నట్టు చూసింది. "చెప్తే ఎవురు ఆర్పాల? దాని ముందర కూర్చునేది నువ్వు. శెట్టి ఆర్పమన్యా నువ్వే ఆర్పాల. రేపు ఆ ఇంట్లో ఒకరికి కాలు బెణికినా సాయిబులామె ఆర్పింది అంటారు. నాదేముంది? పాటలు యేసింది నేనే గదా. పోతే ఆ పనొకటే పోతాది అనుకుంటి. నువ్వు యాడ నోరు తెరుస్తావోనని నిన్ను అట్ల చూసినా. తెరవాకని. నువ్వు తల దించుకుంటివి. అక్కకు అర్థమయింది అనుకుంటి."

మగ్గం పలక కొట్టిన ప్రతి దెబ్బా హఫీజా ఎదలో పడుతున్నట్టుంది. ఇన్ని రోజులూ ఆ చూపును తప్పించుకుంటూ తిరిగింది. అది తనను అడుగుతున్న చూపని భయపడింది. నిజానికి అది తనకు ఇస్తున్న చూపు. అడిగి ఉంటే ఇవ్వనందుకు సిగ్గుపడి ఊరుకునేది. ఇచ్చినదాన్ని తెలియకుండానే తీసుకుని, కడుపులో పెట్టుకుని, ఇంకా ఆ పిల్లకే భయపడింది.

"శెట్టికి ఎప్పుడు చెప్తివక్కా?" అంది చందన.

"నిన్న పొద్దున."

"నిన్ననా? ఇన్ని దినాలు గమ్మునుండి నిన్న ఏమొచ్చింది?"

నీ గురించి ఆలోచించి ఆలోచించి ఉండబట్టలేక చెప్పాను అనొచ్చు. అది అంతా అబద్ధం కూడా కాదు. పెంచలమ్మ నేత ఆపకుండానే చెవి ఇటు పెట్టిందని హఫీజాకు తెలుస్తోంది.

"జయప్రకాషన్న నన్ను పంపిచ్చేయమన్యాడు. నేను విన్యా. నా పని పోతాదని తెలిసినాక చెప్పినా."

చక్రం ఆగింది. దారం చందన వేళ్ల సందున వదులై కిందికి వాలింది. ఆమె హఫీజా ముఖం వంక చూసింది, ఈసారి ఏమీ అడగని, ఏమీ ఇవ్వని చూపుతో. తరువాత దారం బిగించుకుని చక్రాన్ని మళ్లీ తిప్పింది.

"మంచిదేలే. ఇద్దరిదీ పోతే ఏం లాభం" అంది.

పనికి మాత్రం రానంది. అమ్మ కొత్త పడుగు ఎక్కించింది, కండెలు చుట్టేవాళ్లు లేరు అంది. ఒక్క మాట అడక్కుండా పొమ్మన్న చోటికి మళ్లీ పోతే, ఈసారి దేనికి పొమ్మంటారోనని రోజూ బెరుకుగానే ఉండాల అని కూడా అంది. పెంచలమ్మ లేచి మజ్జిగ ఇచ్చింది. తాగి లేవబోతుంటే చందన గూట్లో వెతికి పెన్‌డ్రైవు తెచ్చింది.

"ఇంద. నయీమన్న అన్నీ తీసేసినాడు గదా. అంగడి బోసిపోయింటాది. నువ్వు యేసుకో" అని హఫీజా చేతిలో పెట్టింది. వద్దని చెప్పడానికి కూడా ముఖం లేక తీసుకుంది హఫీజా.

*

ఆమె వచ్చేసరికి సాయంత్రం బేరాలు సన్నగిల్లాయి. శెట్టి ఆమె వెనక మెట్ల వైపు చూశాడు, ఇంకెవరూ ఎక్కి రాలేదు.

"రాదంటప్పా" అంది హఫీజా. తన కుర్చీ దగ్గరికి పోయింది కానీ కూర్చోలేదు. "దీపమని ఆ పిల్లకూ తెలుసంట. నేను చెప్పంది భయానికి. ఆ పిల్ల చెప్పంది నాకోసం. అమ్మ దీపం నేను ఆర్పినానని రేపు ఎవురన్నా అంటారని."

శెట్టి గల్లాపెట్టె తెరిచి, ఏదో వెతికి, ఏమీ తీయకుండానే మూసేశాడు. గోడ దగ్గరికి పోయి కుందిలో నూనె ఉందో లేదో చూసి, ఉన్నా ఇంకొంచెం పోసి వచ్చాడు. ఇంతలో పాతబేరం మనుషులు ఎక్కి వచ్చారు. చీరలు పరిచారు, ఎంచుకున్నారు. మీట నొక్కగానే బిల్లు వచ్చింది. మిషను మార్చినారా శెట్టీ అని అడిగారు. ఆయన తల ఊపాడు. వాళ్లు పోయాక విప్పిన చీరలు కౌంటరు మీద అలాగే పడి ఉన్నాయి. హఫీజా లేచి ఒక్కొక్కటే మడత పెట్టసాగింది. ఫ్యాను చప్పుడు తప్ప అంగట్లో ఇంకే చప్పుడూ లేదు.

"పాటలేమన్నా పెట్టరాదామ్మా" అన్నాడు శెట్టి, ఎటో చూస్తూ. "మిషన్లో జాగా ఉందంటివి గదా ఇప్పుడు."

పెన్‌డ్రైవు ఆమె సంచిలోనే ఉంది.

"జాగా శానా ఉందప్పా" అంది హఫీజా. సంచి తెరవలేదు. ఇంకొక చీర తీసుకుని, అంచు అంచుకు కలిసేదాకా మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.